గృహ కొనుగోలుకు ముందు ఆర్థిక శిక్షణ: అమెరికా అనుభవం

ఇల్లు కొనాలనుకునే కుటుంబాన్ని, ఇంకా ఇల్లు వెతకడం మొదలుపెట్టకముందే, ఆ అప్పు మోయగల స్థితికి తీసుకురావడం కోసం ఇచ్చే వ్యక్తిగత మార్గదర్శనమే గృహ కొనుగోలు ఆర్థిక శిక్షణ. అమెరికాలో ఇది అర్ధ శతాబ్దానికి పైగా చట్టం, ప్రభుత్వ నిధులు, లాభాపేక్ష లేని సంస్థల అండతో ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. కోచింగ్ అనగానే తెలుగువారికి ఎంసెట్ తరగతి గది గుర్తుకొస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. మధ్యలో జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్రెడిట్ రిపోర్టు ఉంటాయి. ఎక్కువసేపు మాట్లాడేది ఇల్లు కొనబోయే మనిషే, శిక్షకులు కాదు.

వాడుకలో ఒకే పేరు కింద మూడు పనులు కలిసిపోతుంటాయి. మొదటిది తరగతి. పదిమందినో ఇరవైమందినో కూర్చోబెట్టి, లేదా ఆన్‌లైన్‌లో, కొనుగోలు దశలన్నీ వివరిస్తారు. ఈ రంగం తనకు తాను పెట్టుకున్న జాతీయ ప్రమాణాల ప్రకారం దీనికి కనీసం 8 గంటలు పట్టాలి. రెండోది కౌన్సెలింగ్. ఒక కుటుంబం లెక్కలు ముందేసుకుని, ఉన్న చిక్కేమిటో తేల్చి, విప్పే దారి రాసిస్తారు. మూడోది అసలైన కోచింగ్. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఏం చేయాలో చాలామందికి తెలుసు, చేయడమే కుదరదు. కోచింగ్ ఈ ఎరుకతో మొదలవుతుంది. లక్ష్యం ఆ మనిషే పెట్టుకుంటారు. వచ్చే నెలకు ఏం చేస్తారో తమ నోటితోనే చెబుతారు. శిక్షకులు దాన్ని రాసుకుని, వచ్చే నెల గుర్తుచేస్తారు.

పుట్టుక

ఈ పద్ధతికి చట్టబద్ధమైన మూలం 1968 నాటి గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి చట్టంలోని 106వ సెక్షన్. ఇళ్ల కొనుగోలుదారులకూ అద్దెదారులకూ సలహా ఇప్పించే అధికారం ఆ సెక్షన్ హడ్ అని పిలిచే కేంద్ర గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖకు ఇచ్చింది. అదే చట్టంలో 235వ సెక్షన్ కింద తక్కువ ఆదాయ కుటుంబాలకు 200 డాలర్ల డౌన్‌పేమెంట్‌తో, 1 శాతం దాకా దిగే వడ్డీతో ఇళ్లు ఇప్పించే పథకం కూడా వచ్చింది. పథకం పరుగు తీసింది, సలహా వెనకబడింది. డెట్రాయిట్ వంటి నగరాల్లో దళారులు శిథిలమైన ఇళ్లకు పైపైన రంగులు వేసి, లంచాలతో విలువ పెంచి, మొదటిసారి కొంటున్న పేద కుటుంబాలకు అంటగట్టారు. కప్పు కురిసినా బాయిలర్ ఆగిపోయినా బాగుచేయించడానికి వాళ్ల చేతిలో డబ్బు లేదు. వేల ఇళ్లు వదిలేసి వెళ్లారు. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం గృహ సబ్సిడీ పథకాలను నిలిపేసింది. తక్కువ డౌన్‌పేమెంట్‌తో ఇల్లు చేతికి అందించడం, ఆ ఇల్లు చేతిలో నిలిచేలా చేయడం వేర్వేరు పనులన్న సంగతి ఈ రంగం ఇలా పుట్టుకలోనే నేర్చుకుంది.

ఇంకో పాయ కింది నుంచి వచ్చింది. పిట్స్‌బర్గ్ నగరంలో సెంట్రల్ నార్త్ సైడ్ పేటలో చాలామంది నల్లజాతివారు ఉండేవారు. అక్కడ బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి. 1930లలో ప్రభుత్వ సంస్థ గీయించిన పటాల్లో ఇలాంటి పేటలకు ఎర్ర రంగు పూసేవారు. రెడ్‌లైనింగ్ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. డొరొతీ మే రిచర్డ్‌సన్ అనే గృహిణి ఇరుగుపొరుగును కూడగట్టి, బ్యాంకర్లను బల్ల దగ్గరికి రప్పించి, 1968లో నైబర్‌హుడ్ హౌసింగ్ సర్వీసెస్‌ను నిలబెట్టారు. అప్పిచ్చే బ్యాంకు, పేటవాసులు, నగరపాలక సంస్థ ఒకే చోట కూర్చునే ఆ నమూనా దేశమంతా పాకింది. దాన్ని నడిపించడానికి 1978లో అమెరికా కాంగ్రెస్ ఒక కార్పొరేషన్‌నే ఏర్పాటు చేసింది. నేడు దాని పేరు నైబర్‌వర్క్స్ అమెరికా. మధ్యలో 1977 నాటి కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం, బ్యాంకులు డిపాజిట్లు సేకరించే ప్రాంతాల్లో అప్పులు కూడా ఇవ్వాలని చెప్పింది. బ్యాంకులు శిక్షణ సంస్థలకు విరాళాలివ్వడం వెనక ఉదారత ఎంతో, ఈ చట్టం ఒత్తిడీ అంతే.

2008 నాటి ఇంటి అప్పుల సంక్షోభం ఈ రంగాన్ని తలకిందులు చేసింది. కొనేవారికి దారి చూపాల్సిన శిక్షకులు, ఇళ్లు జప్తు కాబోతున్న కుటుంబాల కాగితాలు సర్దడానికే సరిపోయారు. ఆ తర్వాత 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం హడ్‌లో ప్రత్యేకంగా హౌసింగ్ కౌన్సెలింగ్ కార్యాలయాన్ని పెట్టించి, శిక్షకులకు పరీక్ష తప్పనిసరి చేసింది. 2017లో మొదలైన ఆ పరీక్షలో ఆర్థిక నిర్వహణ, ఇంటి నిర్వహణ, యాజమాన్యమూ అద్దె బాధ్యతలూ, వివక్ష నిరోధక చట్టాలు, స్థోమత లెక్క, జప్తునూ ఖాళీ చేయించడాన్నీ తప్పించే మార్గాలు అని ఆరు విషయాలుంటాయి.

మొదటి భేటీ

ఆదాయం, ఖర్చు, అప్పు, పొదుపు అన్న నాలుగు గడులతోనే పని మొదలవుతుంది. ఇందులో ఖర్చు గడి నిజం చెప్పదు. అడిగితే చెప్పే నెల ఖర్చుకూ, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపే ఖర్చుకూ పొంతన ఉండదు. అందుకే అనుభవమున్న శిక్షకులు నోటి లెక్క అడగకుండా స్టేట్‌మెంట్ తీయించి, ఒక్కో వరుసా చదివిస్తారు. తప్పు పట్టడానికి కాదు. ఏది అవసరమో ఏది అలవాటో ఆ మనిషే గీత గీసుకోవాలని.

తర్వాత వచ్చేది క్రెడిట్ రిపోర్టు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోలు ప్రతి మనిషి అప్పుల చరిత్రనూ విడివిడిగా రాస్తుంటాయి. ఆ చరిత్ర నుంచి 300 మొదలు 850 దాకా ఉండే ఫైకో స్కోరు పుడుతుంది. అందులో 35 శాతం బరువు సకాలంలో కట్టడానికి, 30 శాతం వాడుకున్న అప్పు మోతాదుకు, 15 శాతం చరిత్ర ఎంత పాతదో దానికి, తక్కిన 20 శాతం కొత్త అప్పులకూ అప్పుల రకాలకూ సగం సగం. మూడు బ్యూరోల స్కోర్లు మూడు రకాలుగా ఉంటే ఇంటి అప్పుకు సాధారణంగా మధ్యదాన్ని తీసుకుంటారు. 2003 నాటి చట్టం రిపోర్టును ఏడాదికోసారి ఉచితంగా చూసుకునే హక్కు ఇచ్చింది. ఇప్పుడు వారానికోసారి కూడా చూసుకోవచ్చు. చూసినవారికి తరచు ఆశ్చర్యమే. ఎప్పుడో తీరిపోయిన బిల్లు బాకీగా కనిపిస్తుంది, లేదా అదే పేరున్న వేరొకరి అప్పు తన ఖాతాలో ఉంటుంది. అభ్యంతరం రాసి పంపితే బ్యూరో మామూలుగా 30 రోజుల్లో విచారించాలి.

స్కోరు విషయంలో శిక్షణ విలువ తెలిసేది చిన్న సంగతుల్లో. ఒకరి క్రెడిట్ కార్డు పరిమితి 2,000 డాలర్లు, నెలలో వాడకం 1,800. ప్రతి నెలా గడువులోగా పూర్తిగా కట్టేస్తున్నారు, వడ్డీ పైసా పడటం లేదు. అయినా స్కోరు పెరగదు. కారణం, కార్డు సంస్థ బ్యూరోకు చెప్పేది సాధారణంగా స్టేట్‌మెంట్ తయారయ్యే రోజున ఉన్న బాకీ. ఆ రోజున పరిమితిలో 90 శాతం వాడేసినట్టు నమోదవుతుంది. గడువు తేదీ దాకా ఆగకుండా, స్టేట్‌మెంట్ తేదీకి రెండు రోజుల ముందే 1,500 కట్టేస్తే అదే మనిషి, అదే జీతం, అదే ఖర్చు, వాడకం మాత్రం 15 శాతంగా కనిపిస్తుంది. పాత కార్డు వాడటం లేదని మూసేయడం ఇంకో సాధారణ పొరపాటు. పరిమితి తగ్గి, వాడకం శాతం పెరిగి, మంచి చేయబోతే చెడు ఎదురవుతుంది. స్కోరు బాగుచేస్తామని ముందే రుసుము గుంజే వ్యాపారులకు కూడా కొదవ లేదు. పని పూర్తికాకుండా రుసుము తీసుకోవడాన్ని 1996 నాటి కేంద్ర చట్టం నిషేధించింది.

ఎంత ఇల్లు

బ్యాంకు ఎంత ఇస్తుందన్నది ఒక లెక్క, కుటుంబం ఎంత మోయగలదన్నది ఇంకో లెక్క. బ్యాంకు పన్నులు పోకముందు జీతం మీద లెక్క వేస్తుంది, కుటుంబం చేతికొచ్చిన జీతంతో బతుకుతుంది. ఈ ఎడం చూపించడమే శిక్షకుల పనిలో ముఖ్యమైనదని చెప్పవచ్చు.

నెలకు 5,000 డాలర్ల ఆదాయమున్న కుటుంబాన్ని తీసుకుంటే, అప్పులన్నీ కలిపి ఆదాయంలో 43 శాతం దాటకూడదన్న కొలత ప్రకారం గరిష్ఠం 2,150 డాలర్లు. కారు వాయిదా 450, చదువు అప్పు 200, కార్డుల కనీస చెల్లింపు 100 తీసేస్తే ఇంటికి మిగిలేది 1,400. అందులో ఆస్తి పన్నుకూ బీమాకూ 400 పక్కన పెడితే అసలు, వడ్డీలకు 1,000. 7 శాతం వడ్డీకి 30 ఏళ్ల కాలానికి ఆ వెయ్యి డాలర్లు మోయగల అప్పు సుమారు 1,50,000. కారు అప్పు తీరేదాకా ఆగితే అదే కుటుంబానికి దాదాపు 2,18,000 దొరుకుతుంది. నెలకు 450 డాలర్ల కారు వాయిదా 67,000 డాలర్లకు పైబడిన ఇంటిని మింగేసింది. ఏ ఉపన్యాసమూ చేయలేని పనిని కాగితం మీద ఈ ఒక్క తీసివేత చేస్తుంది. ఇల్లు ఖాయమయ్యాక, తాళం చేతికి రాకముందు, కొత్త ఇంటికి తగ్గ కొత్త కారు కొని అప్పు చేజార్చుకునేవారు కూడా ఉంటారు. చివరి నిమిషంలో బ్యాంకు రిపోర్టు మళ్లీ తీస్తుందని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

డౌన్‌పేమెంట్ 20 శాతం ఉండి తీరాలన్నది విస్తృతమైన అపోహ. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) పూచీ ఉన్న అప్పుకు స్కోరు 580 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 3.5 శాతం చాలు, 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం కావాలి. బ్యాంకుల నుంచి ఇంటి అప్పులు కొనే ఫ్యానీ మే సంస్థ హోమ్‌రెడీ వంటి పథకాల్లో 3 శాతమే. మాజీ సైనికులకూ గ్రామీణ ప్రాంతాలకూ ఏమీ లేకుండానే అప్పు దొరికే మార్గాలున్నాయి. తక్కువ కట్టినందుకు మూల్యం లేకపోలేదు. 20 శాతం కన్నా తక్కువైతే సాధారణంగా మార్ట్‌గేజ్ బీమా పడుతుంది. మామూలు అప్పులో బాకీ ఇంటి విలువలో 80 శాతానికి దిగితే అడిగి తీయించుకోవచ్చు, కిస్తీల లెక్క ప్రకారం 78 శాతానికి చేరితే దానంతటదే పోతుంది. ఎఫ్‌హెచ్‌ఏ అప్పులో 10 శాతం కన్నా తక్కువ కట్టినవారికి మాత్రం అప్పు ఉన్నంతకాలం ఆ బీమా ఉంటుంది. వేరే అప్పుకు మారితేనే విడుదల.

డౌన్‌పేమెంట్ గురించే ఆలోచించి ముగింపు ఖర్చులు మరిచిపోవడం మరీ మామూలు. 2,50,000 డాలర్ల ఇంటికి 3.5 శాతమంటే 8,750. టైటిల్ బీమా, అంచనా రుసుము, ముందస్తు పన్నుల వంటివి ఇంటి ధరలో 3 శాతం అనుకుంటే ఇంకో 7,500. అంటే 16,250. నెలకు 700 మిగిల్చినా దాదాపు 2 ఏళ్లు. అది కాక, చేరిన నెలలోనే వాటర్ హీటర్ చెడిపోతే చూసుకోవడానికి కొంత చేతిలో ఉండాలి.

ఈ 2 ఏళ్లను ఊరకే గడిపేయకుండా శిక్షకులు చేయించే అభ్యాసం ఒకటుంది. ఇప్పటి అద్దె 1,200, రేపటి ఇంటి వాయిదా 1,750 అనుకుందాం. తేడా 550ని ప్రతి నెలా ఒకటో తేదీనే వేరే ఖాతాలోకి పంపాలి, ఇప్పుడే ఇంటివాయిదా కడుతున్నట్టు. ఆరు నెలలు తడబడకుండా సాగితే ఆ కుటుంబం వాయిదా మోయగలదని కాగితం కన్నా గట్టిగా తేలుతుంది, మూడు వేలకు పైగా పొదుపూ పోగవుతుంది. మూడో నెలలోనే ఖాతా ఖాళీ అయితే, ఆ సంగతి అద్దె ఇంట్లో ఉండగా తెలియడమే మేలు.

సాయం చేసే పథకాలు

పొదుపుకు తోడు డబ్బు జోడించే ఆలోచనకు 1991లో మైఖేల్ షెరాడెన్ రాసిన 'అసెట్స్ అండ్ ద పూర్' పుస్తకం ఊపిరి పోసింది. పేదలకు ఆదాయ సాయం ఒక్కటే చాలదు, ఆస్తి కూడబెట్టే దారి కూడా కావాలన్నది ఆయన వాదం. పొదుపు చేసిన ప్రతి డాలరుకూ ఒకటో రెండో జతచేసే ప్రత్యేక ఖాతాలకు 1998లో చట్టం వచ్చింది, శిక్షణ అందులో భాగం. అంతకుముందే, 1990లో, ప్రభుత్వ అద్దె సాయం పొందే కుటుంబాల కోసం ఫ్యామిలీ సెల్ఫ్-సఫిషియెన్సీ కార్యక్రమం మొదలైంది. జీతం పెరిగితే అద్దె వాటా పెరగడం ఆ సాయంలోని ఇబ్బంది. ఈ కార్యక్రమంలో చేరినవారికి, పెరిగిన అద్దెకు సరిపడా మొత్తం వారి పేరనే ఒక ఖాతాలో జమవుతుంది. సాధారణంగా 5 ఏళ్ల ఒప్పందం నెరవేరితే ఆ డబ్బు వారిదే. కొందరికి అదే డౌన్‌పేమెంట్. రాష్ట్ర గృహ ఆర్థిక సంస్థలు ఇచ్చే డౌన్‌పేమెంట్ సాయానికి కూడా చాలాచోట్ల తరగతి పూర్తిచేసిన సర్టిఫికెట్ అడుగుతారు. కేవలం ఆ కాగితం కోసమే వచ్చి వెనక వరుసలో కూర్చునేవారు ఎప్పుడూ ఉంటారు.

చట్టంలోని సమయ దోషం

అప్పుకు దరఖాస్తు చేసిన 3 పనిదినాల్లో దగ్గరలోని 10 కౌన్సెలింగ్ సంస్థల జాబితాను అప్పిచ్చేవారు ఇవ్వాలని 2014 నుంచి నిబంధన ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ దరఖాస్తు చేసే నాటికి ఇల్లు నచ్చేసి ఉంటుంది, బయానా ఇచ్చేసి ఉంటారు, పిల్లలు ఎవరి గది ఏదో పంచేసుకుని ఉంటారు. అప్పుడు ఎవరైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, ఈ ఇల్లు మనకు పెద్దదన్న మాట వినగలరా? స్కోరు సరిదిద్దడానికి నెలలు, డబ్బు కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంటే, చట్టం గుర్తుచేసేది సంతకాలకు కొన్ని వారాల ముందు. 2015 నుంచి వాడుకలోకి వచ్చిన ముగింపు వెల్లడి పత్రం సంతకాలకు 3 పనిదినాల ముందు అందాలన్న నియమం మాత్రం పనికొచ్చేదే. మొదట ఇచ్చిన అంచనా పత్రం పక్కన దాన్ని పెట్టుకుని, మారిన ప్రతి అంకెకూ కారణం అడగాలని శిక్షకులు నేర్పిస్తారు.

ఫలితాలు

శిక్షణ పనిచేస్తుందా అన్నదానికి అధ్యయనాలు ఒకే గొంతుతో జవాబివ్వలేదు. 2001లో, ఫ్యానీ మే లాగే ఇంటి అప్పులు కొనే ఫ్రెడ్డీ మాక్ సంస్థ పరిశోధకులు దాదాపు 40,000 అప్పులను పరిశీలించి, ముఖాముఖి కౌన్సెలింగ్ పొందినవారిలో 90 రోజుల బకాయిలు 34 శాతం, తరగతికి వెళ్లినవారిలో 26 శాతం తక్కువని తేల్చారు. ఫోన్‌లో చెప్పిన సలహాతో తేడా కనిపించలేదు. అయితే ఓపిగ్గా కౌన్సెలర్ దగ్గరికి వచ్చే మనిషి ముందే జాగ్రత్తపరుడేమో అన్న అనుమానం ఇలాంటి లెక్కలను వదలదు. ఫిలడెల్ఫియా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆ అనుమానం తీర్చడానికి చీటీ తీసినట్టు జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టింది. 2014 నివేదికలో, తరగతికి తోడు ముఖాముఖి సలహా కూడా అందినవారి స్కోర్లు మెరుగుపడ్డాయని చెప్పింది. హడ్ 28 నగర ప్రాంతాల్లో 5,800 మందికి పైగా కొనుగోలుదారులతో నడిపిన పెద్ద ప్రయోగంలో మాత్రం ఆశించినంత తేడా రాలేదు. ఎంపికైనవారు అప్పటికే బ్యాంకును సంప్రదించినవారు. పైగా నేరుగా వచ్చి కూర్చోమంటే వచ్చినవారు తక్కువ. ఓక్లహోమాలోని టల్సాలో జత పొదుపు ఖాతాల మీద జరిగిన ప్రయోగంలో 4 ఏళ్లకు ఇళ్లు కొన్నవారు పెరిగారు, 10 ఏళ్లకు తక్కిన గుంపు కూడా వారిని అందుకుంది. పథకం వారి చేత ఇల్లు కొంత ముందుగా కొనిపించిందనే అర్థం చేసుకోవాలి.

విమర్శ కూడా ఉంది. ఇళ్ల ధరలు జీతాలను దాటి పరుగెత్తుతుంటే, తరాలుగా అప్పే పుట్టని పేటల్లో పొదుపు పాఠం చెప్పడం తప్పంతా మనిషిదే అన్నట్టు ఉంటుందని చాలామంది ఎత్తిచూపారు. ఆ మాటలో నిజముంది. బ్యాంకుల విరాళాలతో నడిచే సంస్థ, బ్యాంకు అప్పు తీసుకోవద్దని ఎంత స్వేచ్ఛగా చెప్పగలదన్న ప్రశ్న కూడా తీసిపారేయదగ్గది కాదు. హడ్ నిబంధనలు ఇలాంటి సంబంధాలను ముందే వెల్లడించాలంటాయి, ఫలానా బ్యాంకే అని తోసేయడాన్ని ఒప్పుకోవు. కొనకుండా అద్దెలోనే ఉండాలని నిర్ణయించుకున్న కుటుంబాన్ని వైఫల్యంగా లెక్కగట్టని సంస్థలే ఈ రంగంలో గౌరవం సంపాదించుకున్నాయి.

వలస వచ్చినవారు

అమెరికాలో ఇళ్లు కొనే తెలుగు కుటుంబాలకు ఆదాయం కన్నా కాగితాలతోనే ఎక్కువ చిక్కు. ఇండియాలో ఇరవై ఏళ్లు వాయిదా తప్పకుండా కట్టిన చరిత్ర అక్కడి బ్యూరోల్లో కనిపించదు. ఫైకో దృష్టిలో డాక్టరైనా ఇంజనీరైనా నిన్న పుట్టినవారే. చిన్న పరిమితి కార్డుతో, కొన్నిసార్లు డిపాజిట్ పెట్టి తీసుకున్న కార్డుతో మొదలుపెట్టాలి. అమ్మానాన్నలు ఊళ్లో ప్లాటు అమ్మి పంపిన డబ్బుకు దానలేఖ, అంటే తిరిగి ఇవ్వనక్కర్లేదన్న సంతకం, బ్యాంకు నుంచి బ్యాంకుకు వచ్చిన ఆనవాలు కావాలి. ఏడాదిలో అలా వచ్చింది 1,00,000 డాలర్లు దాటితే పన్ను శాఖకు ప్రత్యేక ఫారం దాఖలు చేయాలి, పన్ను పడకపోయినా సరే. స్నేహితుల చేబదులు, చీటీ పాటలో నగదుగా వచ్చిన సొమ్ము బ్యాంకు కళ్లకు మూలం తెలియని డబ్బే. 2 నెలల స్టేట్‌మెంట్లలో హఠాత్తుగా కనిపించే ప్రతి పెద్ద జమకూ సంజాయిషీ రాయాల్సి వస్తుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి మామూలు అప్పు దొరుకుతుంది గానీ, శాశ్వత నివాసం లేనివారికి ఎఫ్‌హెచ్‌ఏ పూచీని 2025 మే 25 నుంచి ఆపేశారు.

కొన్నాక

తాళం చేతికొచ్చాక కూడా కొన్ని సంస్థలు ఏడాదో రెండేళ్లో పలకరిస్తూ ఉంటాయి. రెండో ఏడు వాయిదా పెరిగి ఉత్తరం రావడం చాలామందిని కంగారు పెడుతుంది. వడ్డీ స్థిరమే అయినా, కొత్త యజమాని పేరున ఇంటి విలువ మళ్లీ లెక్కగట్టి ఆస్తి పన్ను పెంచితే, బీమా ప్రీమియం పెరిగితే, ఆ రెండూ కట్టడానికి ఉంచే ఎస్క్రో ఖాతాలో పడే లోటు వాయిదాలోకి చేరుతుంది. ఉద్యోగం పోతే మొదటి వాయిదా తప్పకముందే, వాయిదాలు వసూలు చేసే సర్వీసర్‌కు ఫోన్ చేయాలన్నది శిక్షకులు పదేపదే చెప్పే మాట. మామూలుగా 120 రోజుల బకాయి పడేదాకా జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదన్న కేంద్ర నిబంధన ఉంది. ఆ నాలుగు నెలల్లో వాయిదా సవరణకో కొంతకాలం మినహాయింపుకో దరఖాస్తు పెట్టుకోవచ్చు. జప్తు అంచున ఉన్నవారికి ఇచ్చే సలహాకు హడ్ గుర్తింపు పొందిన సంస్థలు రుసుము తీసుకోవు.